విద్యాలయ ప్రవేశములందు రిజర్వేషన్లు: నాలుగు శాతము వెనుకనున్న విచారము

ప్రవేశ పరీక్షల ఫలితములు వెలువడు దినములలో విద్యార్థుల నోట రెండు మాటలు తరచుగా వినవచ్చును. ప్రతిభకు అన్యాయము జరుగుచున్నదని కొందరందురు. ముస్లింలకు మతమునుబట్టి నాలుగు శాతము సీట్లు ఇచ్చిరని మరికొందరందురు. ఈ రెండు అభిప్రాయములను చట్టము, చరిత్ర అను రెండు దీపముల వెలుగున పరిశీలించుట మన కర్తవ్యమని భావించి ఈ వ్యాసమును వ్రాయుచున్నాము.

ముందుగా మన పరిసరములనే చూతము. సుచిత్ర కూడలి మీదుగా ప్రతి ఉదయము మేడ్చల్ దారిన కళాశాలల బస్సులు బారులు తీరి సాగును. ఆ కళాశాలలలో పెక్కు ప్రైవేటు ఇంజనీరింగ్ కళాశాలలు. వాటి సీట్లలో నూటికి డెబ్బది కన్వీనర్ ద్వారా నిండును. రిజర్వేషన్ నియమము వర్తించునది ఆ భాగమునకే. శామీర్‌పేటలో 1998లో రాష్ట్ర చట్టముచే నెలకొన్న నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయమునందు షెడ్యూల్డు కులములు, తెగలు మొదలగువారికి ప్రత్యేక స్థానములు కలవు. అచ్చటికి సమీపముననే 2008లో ఆరంభమైన బిట్స్ పిలానీ ప్రాంగణమునందు అట్టి రిజర్వేషన్లు లేవు. కొలది మైళ్ల దూరములోనే రెండు పద్ధతులు ఎట్లు నిలిచినవి? ప్రభుత్వ సహాయము పొందని ప్రైవేటు విద్యాసంస్థలలో సైతము రిజర్వేషన్లు కల్పించుటకు 2005 నాటి తొంబదిమూడవ రాజ్యాంగ సవరణము అధికారము నొసగినది. ఐనను అధికారము వేరు, దానిని వినియోగించి చట్టము చేయుట వేరు. ఆ సవరణమే మైనారిటీ విద్యాసంస్థలను ఈ నియమమునుండి మినహాయించినది. 2014లో సుప్రీంకోర్టు ఆ మినహాయింపును సమర్థించినది. మనవంటి కళాశాలల విద్యార్థులు ఈ విషయమును తప్పక ఎరిగియుండవలెను.

ఈ చర్చ నేటిది కాదు. తెలుగు జిల్లాలు కొన్ని మద్రాసు రాష్ట్రమున ఉన్నప్పుడు, అచ్చటి వైద్య, ఇంజనీరింగ్ కళాశాలలలో కులమతముల వారీగా సీట్లు పంచు ప్రభుత్వ ఉత్తర్వు అమలులో నుండెను. చంపకం దొరైరాజన్ వ్యాజ్యమున సుప్రీంకోర్టు 1951లో దానిని కొట్టివేసినది. ఆ సంవత్సరముననే మొదటి రాజ్యాంగ సవరణము ద్వారా పదునైదవ అధికరణమునకు నాలుగవ ఉపవాక్యము చేర్చబడినది. సాంఘికముగను, విద్యా విషయమునను వెనుకబడిన తరగతుల అభ్యున్నతికై రాజ్యము ప్రత్యేక ఏర్పాట్లు చేయవచ్చునని దాని సారాంశము. ఈ వాక్యములో కీలకమైన పదము "వెనుకబడిన" అనునది. తదుపరి న్యాయవివాదములలో అధికభాగము ఆ పదమునకు కొలమానమేది అనుదాని చుట్టునే తిరిగినవి.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము రూపొందించిన తొలి జాబితాను, తగిన విచారణ లేకుండ కులములనుబట్టి చేయబడినదని 1968లో సుప్రీంకోర్టు త్రోసిపుచ్చినది. అంతట అనంతరామన్ కమిషన్ విచారణ జరిపి నివేదిక సమర్పించెను. దాని ననుసరించి 1970లో వెనుకబడిన తరగతులకు 25 శాతము కేటాయింపబడి, ఎ, బి, సి, డి అను నాలుగు వర్గములుగా విభజింపబడినది. 1972లో సుప్రీంకోర్టు దీనిని ఆమోదించినది. ఆ జాబితాలోనే మెహతర్లు, దూదేకులవారు వంటి ముస్లిం వర్గములు ఉన్నవి. అనగా వృత్తి, సాంఘికస్థితి ఆధారముగా ముస్లిం వర్గములను వెనుకబడినవానిగా గుర్తించుట 2004లో మొదలైన క్రొత్త వింత కాదు.

2004లో నాటి ప్రభుత్వము ముస్లింలందరికి 5 శాతము ప్రకటించగా హైకోర్టు దానిని కొట్టివేసినది. 2005లో మరల చేసిన చట్టమునకును అదే గతి పట్టినది. ఇచ్చట లెక్క యొకటి గమనింపదగును. షెడ్యూల్డు కులములకు 15, తెగలకు 6, వెనుకబడిన తరగతులకు 25 కలిపిన 46 అగును. దానికి 5 చేర్చిన 51 అయి, సుప్రీంకోర్టు విధించిన 50 శాతము హద్దు దాటును. సంఖ్య యొకటే కాదు, వెనుకబాటును నిర్ణయించిన విధానమును సైతము న్యాయస్థానము తప్పుపట్టినది. పిమ్మట పి. ఎస్. కృష్ణన్ నివేదిక, వెనుకబడిన తరగతుల కమిషన్ సిఫారసులు ఆధారముగా 2007లో వచ్చిన చట్టము 4 శాతముతో బి.సి.–ఇ వర్గమును ఏర్పరచినది. ముస్లింలలో అత్తరు సాయిబులు, ధోబీలు, ఫకీర్లు, హజాములు, ఖురేషీలు, షేక్‌లు, సిద్దీలు మొదలగువారు ఇందు చేరిరి. సయ్యద్, మొగల్, పఠాన్, ఇరానీ, అరబ్, బోహ్రా మొదలగువారు మినహాయింపబడిరి. కనుక ముస్లింలందరికి ఇచ్చిరను మాట సరికాదు.

ఐనను ప్రతిపక్ష వాదమును విస్మరింపరాదు. వర్గముల పేరు పెట్టినను ఇది మతమునకే పరిమితమైన రిజర్వేషనని, సర్వేక్షణము శాస్త్రీయముగా జరుగలేదని 2010 ఫిబ్రవరిలో హైకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనము అధిక సంఖ్యాకుల అభిప్రాయముతో ఆ చట్టమును కొట్టివేసినది. అదే సంవత్సరము మార్చిలో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు ద్వారా అమలును కొనసాగనిచ్చి, విషయమును రాజ్యాంగ ధర్మాసనమునకు నివేదించినది. ఆ ఉత్తర్వు బలముననే ఎన్నియో తరగతుల విద్యార్థులు వైద్యులు, ఇంజనీర్లు కాగలిగిరి. తాత్కాలికమైన ఆధారముపై శాశ్వతమైన జీవితములు నిర్మింపబడినవి.

2001 జనాభా లెక్కలలో దేశమున ముస్లింల అక్షరాస్యత సుమారు 59 శాతము. దేశ సగటు సుమారు 65. అదే ఆంధ్రప్రదేశ్‌లో ముస్లింల అక్షరాస్యత 68 శాతము కాగా రాష్ట్ర సగటు సుమారు 60 మాత్రమే. దీనిని చూపి సహాయ మెందులకని ప్రశ్నించువారు కలరు. ముస్లింలలో పట్టణవాసులు అధికమగుటచే సగటు పెరుగును. అక్షరములు నేర్చుట వేరు, పట్టభద్రుడగుట వేరు. పైగా సంపన్న కుటుంబమును, కత్తులకు సానపట్టువాని కుటుంబమును కలిపి సగటు తీసినచో ఇరువురి స్థితియు తెలియదు. వర్గములవారీగా పరిశీలింపవలెననుటకు ఇదియే హేతువు.

ప్రతిభ మాటయు విచారింతము. అరువది సీట్ల శాఖలో కన్వీనర్ భాగము 42; అందు నాలుగు శాతమనగా ఒకటి లేక రెండు సీట్లు. అవకాశము కోల్పోయిన అభ్యర్థి బాధ నిజమైనదే, దానిని పరిహసింపరాదు. కాని పుస్తకములు, ప్రత్యేక శిక్షణ, చదువుకొనుటకు ఒక గది ఉన్న విద్యార్థి మార్కులను, అవి లేనివాని మార్కులను ఒకే త్రాసున తూచుట ఎంతవరకు న్యాయము? ఐతే ఒక తరగతిలో సంపన్నులైనవారే ఫలము ననుభవింపకుండ చూచుట కూడ అంతే అవసరము. 1992లో ఇంద్రా సాహ్నీ తీర్పు ఉన్నతస్థితి పొందినవారిని వేరుచేయవలెనని చెప్పినది అందులకే.

అమెరికాలో ఇట్టి చర్చయే నడచి, జాతిని ప్రవేశములందు పరిగణించు పద్ధతిని 2023 జూన్‌లో ఆ దేశ సుప్రీంకోర్టు త్రోసిపుచ్చినది. మన రాజ్యాంగమునందు ప్రత్యేక ఏర్పాట్లకు స్పష్టమైన అనుమతి కలదు గనుక, ఆ తీర్పును ఇచ్చటికి యథాతథముగా అన్వయించుట పొరపాటు.

విద్యార్థి మిత్రులకు మా మనవి. మీరు ఏ వర్గమునకు చెందుదురో ప్రవేశ సమయమునకు ముందే నిర్ధారించుకొని తహసీల్దార్ కార్యాలయమునుండి ధ్రువపత్రము పొందుడు. బి.సి.–ఇ లో చేరని పేదకుటుంబముల వారు, 2019 నాటి నూటమూడవ సవరణముచే ఏర్పడిన ఆర్థిక బలహీన వర్గముల కోటాకు అర్హులేమో విచారించుకొనుడు; కుటుంబ వార్షికాదాయము ఎనిమిది లక్షల లోపుండుట అందు ఒక నియమము. రిజర్వేషన్ తలుపు తెరచును. లోపల నిలబడి ఉత్తీర్ణులగుట మన శ్రమపై ఆధారపడును. న్యాయస్థానము రేపు ఏ తీర్పు నిచ్చినను, మన చదువే మన పక్షమున బలమైన సాక్ష్యమగునట్లు నడుచుకొందము.