మీకు తెలుసా? లెక్కల్లోనూ దండలున్నాయి!
పరీక్షలైపోయాక, ఏప్రిల్ ఎండలో, కాశిబుగ్గ బడి పిల్లలను లెక్కల పీరియడ్‌లో కూర్చోబెట్టడమెట్లా? వెయ్యేళ్ల కిందటి ఉపాయం ఒకటుంది. ఎటునుంచి చదివినా ఒకేలా ఉండే లబ్ధాలను 9వ శతాబ్దపు జైన గణితవేత్త మహావీరాచార్యుడు తన ‘గణితసారసంగ్రహం’లో కంఠహారాలతో పోల్చాడు. 152207ను 73తో గుణించి చూడండి, ఎనిమిది ఒకట్లు వరుస కడతాయి! 27994681ని 441తో గుణిస్తే 12345654321. కాలిక్యులేటర్ ముట్టకుండా చేస్తేనే మజా. ఈ గ్రంథాన్ని పావులూరి మల్లన 11వ శతాబ్దంలో తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. గుణకారాన్ని ఛందస్సులో ఇమడ్చడం మాటలా!

ఇంకా తేలికది కావాలా? ఒకే అంకెను మూడుసార్లు రాయండి, 444 అనుకోండి. అంకెల మొత్తం 12తో భాగిస్తే 37. 888కీ అంతే. సున్నా ఒక్కటే పనికిరాదు. కిటుకు 111లో ఉంది: అది 3 × 37.