సయనైడ్‌ను తినే సూక్ష్మజీవులు

బంగారు ఖనిజాన్ని మెత్తగా నూరి సయనైడ్ ద్రావణంలో కలిపితే బంగారం అందులో కరుగుతుంది. చిక్కంతా బంగారం తీశాక మిగిలే నీటితోనే. అందులో సయనైడ్, గంధకంతో కలిసి అది ఏర్పరిచే థయోసయనేట్, రాగి, ఇనుము వంటి లోహాలు ఉంటాయి. అమెరికాలో సౌత్ డకోటా రాష్ట్రంలోని హోమ్‌స్టేక్ గని దాదాపు వందేళ్లపాటు తన వ్యర్థాలను వైట్‌వుడ్ వాగులోకే వదిలింది. 1977లో వాటిని నిలవ చేయడానికి కట్ట కట్టారు. అక్కడ చేరిన నీటిని కూడా ఎప్పుడో ఒకప్పుడు వాగులోకి వదలక తప్పదు.

సయనైడ్‌ను క్లోరిన్‌తో విరగ్గొట్టడం పాత పద్ధతి. కానీ ఆ క్లోరిన్‌లో చాలా భాగాన్ని థయోసయనేటే వాడేసుకుంటుంది. ఇనుముతో ముడిపడిన సయనైడ్ క్లోరిన్‌కు లొంగదు. పైగా నీటిలో మిగిలే క్లోరిన్ చేపలకు విషం. అందుకే సూడోమోనాస్ బాక్టీరియాను కొద్దికొద్దిగా సయనైడ్‌కు అలవాటు చేసి, 1984లో శుద్ధి కేంద్రాన్ని నడపడం మొదలుపెట్టారు.

ఆ కేంద్రంలో ఇరుసుకు గుచ్చిన ప్లాస్టిక్ పలకలు సగానికి తక్కువగా నీట మునిగి నెమ్మదిగా తిరుగుతుంటాయి. వాటిపై జిగటపొరగా పెరిగిన బాక్టీరియాకు మునిగినప్పుడు ఆహారం, పైకి లేచినప్పుడు ఆక్సిజన్ అందుతాయి. మొదటి దశలో సయనైడ్, థయోసయనేట్ విడిపోయి అమ్మోనియా, కార్బొనేట్, సల్ఫేట్‌గా మారతాయి. అమ్మోనియా కూడా చేపలకు హానికరమే కాబట్టి, రెండో దశలో వేరే బాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, ఆపై నైట్రేట్‌గా మారుస్తాయి. ఈ రెండో రకం బాక్టీరియా మెల్లగా పెరుగుతాయి, చలికి మందగిస్తాయి. లోతైన గనినుంచి తోడే వెచ్చని నీటిని వ్యర్థజలంలో కలపడం ఇక్కడ బాగా కలిసొచ్చింది.

లోహాల సంగతి వేరు. మూలకాన్ని ఏ జీవీ విరగ్గొట్టలేదు. అందుకే లోహాలు జిగటపొరకు అంటుకుని, పొర రాలినప్పుడు బురదలో చేరతాయి. ఆ బురదను మళ్లీ ఎక్కడో భద్రపరచాల్సిందే. అయినా వైట్‌వుడ్ వాగులోకి ట్రౌట్ చేపలు తిరిగి వచ్చాయి.

ఇక్కడ పనికొచ్చిన అలవాటు పడే గుణమే మరోచోట ముప్పు అవుతుంది. హైదరాబాద్ శివారు పటాన్‌చెరులో అనేక మందుల కర్మాగారాల వ్యర్థజలాలను శుద్ధి చేసే ఉమ్మడి కేంద్రం ఉంది. అక్కడ శుద్ధి చేసి వదిలిన నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ ఉన్నట్టు 2007లో స్వీడన్ పరిశోధకులు వెల్లడించారు. బాక్టీరియాను చంపడానికి తయారైన మందు అది. ఆ తర్వాతి పరిశోధనల్లో ఆ కేంద్రంలోని బాక్టీరియా ఒకటి కాదు, ఎన్నో యాంటీబయాటిక్‌లను తట్టుకుంటున్నట్టు తేలింది.