ధనుర్వాతము – గుఱ్ఱము ఇచ్చిన మందు

కాలికి మేకు గుచ్చుకొన్నదనగానే మన ఇండ్లలో మొదట వినిపించే మాట, "టీటీ చేయించుకొన్నావా?" అని. మంచి మాటే. కాని ఆ సూది ఏమి చేస్తుందో, ఏమి చేయలేదో తెలిసినవారు కొద్దిమందే. "సూది వేయించాము గదా అయ్యగారూ, మరి రోగమెట్లు వచ్చింది?" అని మమ్మును అడిగినవారున్నారు. ఆ ప్రశ్నకు జవాబుగానే ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

ముందుగా తుప్పు సంగతి. ధనుర్వాతమునకు కారణము తుప్పు కాదు, మట్టి. ఈ రోగక్రిమి మట్టిలోను, గుఱ్ఱపు లద్దెలోను, పశువుల పేడలోను విత్తనము వంటి గట్టి రూపములో ఏండ్ల తరబడి ఉంటుంది. ఎండకు చావదు, కాసేపు మరిగించినా చావదు. గాలి చొరని లోతైన గాయములో పడితే మొలకెత్తి విషమును పుట్టిస్తుంది. ఆ విషము నరముల వెంట వెన్నుపాములోనికి ప్రాకుతుంది. అప్పుడు దవడ బిగుసుకొంటుంది, మెడ పట్టేస్తుంది, వీపు విల్లువలె వంగిపోతుంది. విల్లును ధనుస్సు అంటాము గనుక ఆ పేరు వచ్చింది. గాయమైన 3 దినముల నుండి 21 దినముల లోపల సాధారణముగా బయటపడుతుంది. ఎంత త్వరగా బయటపడితే అంత ప్రమాదము.

ఈ క్రిమిని వేరుచేసి పెంచినది కిటసాటో అను జపాను వైద్యుడు. 1889లో బెర్లిను నగరములో ఆ పని జరిగింది. మరుసటి సంవత్సరము ఆయనయు, బేరింగ్ అను జర్మను వైద్యుడును కలిసి ఒక వింత కనుగొన్నారు. విషమునకు అలవాటుపడిన జంతువు రక్తములోని తేటను మరొక జంతువునకు ఎక్కిస్తే, ఆ రెండవ జంతువును విషము ఏమీ చేయలేకపోయింది. ఆ తేటలోని విరుగుడునే యాంటీటాక్సిన్ అంటారు. దానిని ఎక్కువగా తయారుచేయుటకు గుఱ్ఱమును ఎన్నుకొన్నారు. పెద్ద శరీరము, కావలసినంత రక్తము. కొద్దికొద్దిగా మోతాదు పెంచుతూ అలవాటు చేసి, రక్తము తీసి, గడ్డకట్టిన తరువాత పైతేటను వాడేవారు. 1897లో నోకార్ అను ఫ్రెంచి పశువైద్యుడు ఇదే మందు ముందుగా ఇచ్చి గుఱ్ఱములను కాపాడవచ్చునని చూపించాడు. మొదటి ప్రపంచ యుద్ధములో గాయపడిన సైనికులకు విరివిగా ఇచ్చారు.

అయితే ఈ మందు వెనుక ఒక కన్నీటి కథ కూడ ఉన్నది. అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరములో జిమ్ అను గుఱ్ఱముండేది. పాలబండి లాగిన గుఱ్ఱము. కంఠసర్పికి, అనగా డిఫ్తీరియాకు, విరుగుడును దాని రక్తము నుండి తీసేవారు. 1901లో జిమ్‌కే ధనుర్వాతము వచ్చింది. రోగము పైకి కనబడకముందు తీసిన రక్తపు తేట, పరీక్ష లేకుండానే సీసాలలోనికి పోయింది. 13 మంది పిల్లలు చనిపోయారు. 1902లో ఇట్టి మందులను అదుపుచేయుటకు అమెరికాలో చట్టము వచ్చుటకు ఇది ఒక ముఖ్య కారణము. ఈనాడు మన చేతికొచ్చే సీసా మీద బ్యాచి నంబరు, గడువు తేదీ ఊరకనే అచ్చువేయరు.

ఇక అసలు తేడా. టీటీ అనేది టీకా. ఇప్పుడు ప్రభుత్వ ఆసుపత్రులలో దానికి బదులు టీడీ ఇస్తున్నారు. అది ఇంట్లో బావి త్రవ్వుకొనుట వంటిది. నీరు పడుటకు వారములు పడుతుంది, పడితే ఏండ్లు నిలుస్తుంది. యాంటీటాక్సిన్ ట్యాంకరుతో నీళ్లు తెప్పించుకొనుట వంటిది. వెంటనే అక్కరకు వస్తుంది, కొన్ని వారములలో అయిపోతుంది. ఎన్నడూ టీకాలు సరిగా పడనివారికి మురికి గాయమైతే రెండూ కావాలి. ఒక్క టీటీతో ఆ గాయమునకు ఆ దినమున కాపుదల రాదు. మరొక సంగతి, యాంటీటాక్సిన్ రక్తములో తిరుగుతున్న విషమును పట్టుకొనగలదు గాని, నరములోనికి దూరిన విషమును వెనుకకు లాగలేదు. అందుకే దవడ పట్టినప్పుడు ఒక్క రాత్రి కూడ ఆలస్యము చేయకూడదు. గుఱ్ఱపు మందు కొందరికి పడదు, దద్దురులు, కీళ్లనొప్పులు, అరుదుగా ప్రాణాపాయము కలుగవచ్చును. గనుక ముందు చిన్న సూదితో పరీక్షిస్తారు. మనుష్య రక్తము నుండి తీసిన ఇమ్యునోగ్లోబులిన్ దొరికినచోట దానినే వాడుతున్నారు.

చిన్న గీత పడినా ఆరు నెలలకొకసారి టీటీ పొడిపించుకొనేవారు మన ఊళ్లలో ఉన్నారు. అది అక్కరలేదు. మొత్తము టీకాలు పడినవారికి శుభ్రమైన చిన్న గాయమునకు పదేండ్ల వరకు, మురికి గాయమునకు అయిదేండ్ల వరకు మరల అవసరముండదు. పిల్లలకు 6, 10, 14 వారములలోను, తరువాత బూస్టర్లుగాను వేస్తారు. గర్భిణులకు వేస్తారు. మిగిలిపోయేది ఎవరు? నాగలి పట్టి, పేడ ఎత్తే మగవారు, ముసలివారు. మా దృష్టిలో ఇంటి యజమాని చెప్పులు లేని కాళ్లే ఇప్పుడు ఎక్కువ అపాయములో ఉన్నవి.

పసిబిడ్డల విషయములో మాత్రము చాల మార్పు వచ్చింది. పూర్వము కొడవలితో బొడ్డు కోసి, పేడో బూడిదో అద్దుటవలన పుట్టిన కొద్దిదినములకే బిడ్డ పాలు త్రాగలేక బిగుసుకొని పోయేది. బాలింతల, పసిబిడ్డల ధనుర్వాతము అదుపులోనికి వచ్చినదని 2003లో మన దేశములో మొట్టమొదట నిర్ధారింపబడినది ఆంధ్రప్రదేశ్. 2015 నాటికి దేశమంతటికి ఆ మాట దక్కింది.

పశువులలో గుఱ్ఱమునకు ఈ విషము బహు త్వరగా తగులుతుంది. తరువాత గొఱ్ఱెలు, మేకలు. ఆవులు, గేదెలు కొంత తట్టుకొంటాయి, కుక్కలు ఇంకా తట్టుకొంటాయి, కోళ్లకు దాదాపు రానేరాదు. విత్తులు కొట్టించినప్పుడు, చెవికి పోగు వేయించినప్పుడు, ముక్కుత్రాడు కుట్టినప్పుడు, నాడా మేకు లోపల దిగినప్పుడు జాగ్రత్త. మేకపిల్ల కొయ్యబొమ్మవలె కాళ్లు బిగదీసి నిలిచినా, చెవులు, తోక నిగిడినా, ఎద్దుకు కడుపు ఉబ్బి దవడ ఆడకున్నా పశువైద్యుని పిలిపించండి. ఆయన గాయము కడిగి, పెన్సిలిన్, దొరికితే యాంటీటాక్సిన్ ఇస్తారు. చీకటిగా, నిశ్శబ్దముగా ఉన్న పాకలో కట్టండి. గొట్టముతో గంజి బలవంతముగా పోయకండి, ఊపిరితిత్తులలోనికి పోతుంది. మిగిలిన మందకు అంటుతుందను భయము వద్దు. ఇది ఒకరినుండి ఒకరికి అంటే రోగము కాదు.

పరామర్శకు వెళ్లే సంఘస్థులకు ఒక మనవి. ఈ రోగికి తెలివి పోదు, అన్నీ వింటాడు, అన్నీ తెలుస్తాయి. కాని తలుపు చప్పుడు, దీపపు వెలుగు, చేతి తాకిడి కూడ ఈడ్పు తెప్పిస్తుంది. మంచము చుట్టు చేరి తబలాతో పాడుట, గట్టిగా ప్రార్థించుట వద్దు. వరండాలో కూర్చుండి మెల్లగా ప్రార్థించండి, లోపలికి ఒక్కరే వెళ్లండి. వారములు పట్టవచ్చును, కుటుంబమునకు భోజనము, రాత్రి కాపలా కావలసియుంటుంది.

బ్రదికి బయటపడినవారికి రెండవసారి రాదని కొందరనుకొంటారు. వస్తుంది. మనిషిని చంపే విషము ఎంత స్వల్పమంటే, దానిని గుర్తుపట్టి ఎదిరించుట శరీరము నేర్చుకొనలేదు. గనుక ఆసుపత్రి నుండి ఇంటికి వచ్చే దినముననే టీకా సంగతి డాక్టరుగారిని అడిగి, మిగిలిన మోతాదుల తేదీలు చీటీ మీద వ్రాయించుకొని రండి.