ఓటీపీ చెప్పడమంటే తెల్లకాగితం మీద వేలిముద్ర వేయడమే

తెల్లకాగితం మీద వేలిముద్ర వేయించుకుని, తర్వాత తనకు నచ్చిన అంకె రాసుకున్న వడ్డీ వ్యాపారి సంగతి మన పెద్దలకు తెలుసు. ఆ తెల్లకాగితమే ఇప్పుడు సెల్‌ఫోనులోకి వచ్చింది. రాసుకునేవాడు మాత్రం కంటికి కనపడడు.

"మీ పి.ఎం. కిసాన్ సొమ్ము ఆగిపోయింది, ఈ రోజే ఇ-కెవైసి చేసుకోండి" అంటూ వాట్సాప్‌లో ఒక ఫైలు వస్తుంది. 2019లో మొదలైన ఆ పథకం కింద ఏడాదికి 6,000 రూపాయలు సొంత భూమి ఉన్న రైతులకే వస్తాయి. కౌలుదారుకు లేదు, కూలీకి లేదు. అయినా సెంటు భూమి లేనివాళ్ల ఫోన్లకూ ఈ కబురు వస్తుంది. అంటే పంపినవాడికి మనమెవరో తెలియదన్నమాట. వల విసిరాడు, అంతే.

ఆ ఫైలు పేరు చివర 'ఏపీకే' అని ఉంటుంది. దాన్ని ఫోనులోకి ఎక్కించుకున్నామా, బ్యాంకు మనకు పంపే ఓటీపీని వాడు కూడా చదివేస్తాడు. చదువుకున్న పిల్లలకు ఇదే మోసం ఈ-మెయిల్‌లో ఉద్యోగం పేరుతో వస్తుంది. ముందు ఫీజు కట్టమంటారు. పనిలో పెట్టుకునేవాడు కూలి ఇవ్వాలి గానీ, కూలీ దగ్గర పుచ్చుకుంటాడా?

మోసానికి గుర్తులు రెండు: తొందర, గుట్టు. "ఇప్పుడే చెయ్యి", "ఎవరికీ చెప్పకు" అన్నాడంటే ఫోను పెట్టేయండి. నలుగురికీ చూపించండి. డబ్బు పంపడానికే పిన్ను కావాలి, పుచ్చుకోవడానికి అక్కర్లేదు. ఇ-కెవైసి నిజంగా కావలసి ఉంటే కామన్ సర్వీస్ సెంటరుకు వెళ్లి చేయించుకోవచ్చు.

సొమ్ము పోతే సిగ్గుపడి దాచుకోవద్దు. వెంటనే 1930కి ఫోను చెయ్యాలి. దొంగ ఆ సొమ్ము తీసుకునేలోగా అయితే దాన్ని ఆపే వీలుంటుంది. బ్యాంకుకు కూడా చెప్పి ఫిర్యాదు నంబరు రాసుకోవాలి. మనమే ఓటీపీ చెప్పినా సరే, బ్యాంకుకు తెలియజేసిన తర్వాత పోయే సొమ్ము బ్యాంకే భరించాలని 2017 జూలైలో రిజర్వు బ్యాంకు ఆదేశించింది. "నీదే తప్పు, పో" అని కౌంటరు దగ్గర కసిరితే ఒక్కరే తిరిగి రావద్దు. సంఘం వాళ్లను వెంటబెట్టుకుని మళ్లీ వెళ్లండి.

కార్యకర్తలకు మా మాట ఒకటే. ఈ వారం ప్రతి పేటలో ఒక సాయంత్రం కూర్చుని, ఫోన్లలో వచ్చిన ఇలాంటి కబుర్లు అందరికీ చదివి వినిపించండి. ఎండలో వంగి నాట్లేసి సంపాదించిన కూలి డబ్బు అది. ఒంటరిగా ఉన్నవాడినే దొంగ పట్టుకుంటాడు.