చలికాలం, చంటిబిడ్డ, పనికి వెళ్ళే తల్లి

కడప జిల్లా అనగానే బయటివారికి ఎండలే గుర్తుకు వస్తాయి. అది నిజమే. కాని డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లవారుజామున పెన్నా ఒడ్డున నిలబడి చూసినవారికి మన చలి కూడా తెలుస్తుంది. ఉత్తరదేశంలో వలె గడ్డకట్టించే చలి కాదు గాని, మన ఇండ్లు ఎండను తట్టుకోవడానికి కట్టుకున్నవి. నేలమీద పరచిన నాపరాతి బండలు, పైన రేకుల కప్పు రాత్రి రెండు జాములు గడిచేసరికి చల్లబడిపోతాయి. పెద్దవారికి ఒక దుప్పటి చాలు. పక్కలో ఉన్న మూడు నెలల పసిబిడ్డకు అది చాలదు.

ఆ బిడ్డ తల్లి తెల్లవారగానే పనికి వెళ్ళవలసినదైతే ఏమి చేయాలి? ఈ నెల మేము ఈ విషయాన్నే మన కుటుంబాల ముందు పెడుతున్నాము.

మన ఊళ్ళలో పనికి వెళ్ళే తల్లులు

ప్రొద్దుటూరులో బట్టల దుకాణాలలోను, బంగారు అంగళ్ళలోను పనిచేసే ఆడపిల్లలు ఉదయం తొమ్మిదికి ఇల్లు వదిలితే రాత్రి ఎనిమిదికి గాని తిరిగి రారు. జమ్మలమడుగు ప్రాంతంలో నల్లరేగడి భూములు ఉన్నాయి. చలికాలమే అక్కడ శనగ పైరుకు కాలం, పత్తి తీతకు కాలం. కూలికి వెళ్ళే తల్లి మంచు విడవకముందే ఆటో ఎక్కాలి. చేనేత ఇండ్లలోని తల్లి ఇల్లు వదలి వెళ్ళదు. అయినా కండెలు చుట్టడం, మగ్గం గుంటలో కూర్చోవడం ఆమెకు తప్పదు. పులివెందుల వైపు చీనీ తోటలు, అరటి తోటలు. అక్కడ కాయ కోతకు, కలుపుకు ఆడవారే ఎక్కువ. ఇక బస్సెక్కి పల్లె బడికి వెళ్ళే ఉపాధ్యాయిని, ఇంటింటికి తిరిగే ఆశా కార్యకర్త, అంగన్‌వాడీ అమ్మ కూడా మన సంఘాలలో ఉన్నారు.

వీరి పనులు వేరు, జీతాలు వేరు. బాధ మాత్రం ఒక్కటే. బిడ్డకు పాలు ఇవ్వవలసిన వేళకు తల్లి బిడ్డ దగ్గర ఉండదు. పని మధ్యలో పాలు చేపుకు వచ్చి రవిక తడుస్తుంది. అక్కడ ఇంటిలో బిడ్డ ఏడుస్తుంటుంది. ఆ ఏడుపు విని ఇరుగుపొరుగువారు ఒక మాట అంటారు: "దానికి పాలు చాలడం లేదు, డబ్బా పాలు పట్టండి." చాలా ఇండ్లలో తల్లిపాలు ఆగిపోవడానికి ఈ ఒక్క మాటే మొదలు.

పాలు ఎందుకు తగ్గుతాయి?

తల్లిపాలు కుండలో నింపి ఉంచిన నీళ్ళవంటివి కావు, ఊటబావి వంటివి. తోడేకొద్దీ ఊరుతాయి, తోడకపోతే ఊట తగ్గుతుంది. బిడ్డ చీకినప్పుడు తల్లి శరీరానికి కబురు వెళ్తుంది, ఆ కబురును బట్టి పాలు తయారవుతాయి. పగలు ఎనిమిది గంటలు బిడ్డ చీకక, తల్లి పిండి తీయక ఉంటే, కొద్దిరోజులలోనే పాలు తగ్గుతాయి. అప్పుడు డబ్బా పాలు పడతారు. కడుపు నిండిన బిడ్డ రాత్రి కూడా సరిగా చీకదు. పాలు ఇంకా తగ్గుతాయి. తల్లిలో లోపము లేదు. బిడ్డ చీకే వేళలు తగ్గాయి, అంతే.

దీనికి విరుగుడు కూడా ఇందులోనే ఉంది. పాలు తయారుచేసే హార్మోను రాత్రివేళ ఎక్కువగా ఉంటుంది. పనికి వెళ్ళే తల్లి రాత్రి బిడ్డను పక్కనే ఉంచుకొని, అడిగినప్పుడల్లా పాలు ఇస్తే పగటి లోటు చాలావరకు తీరుతుంది. తెల్లవారుజామున లేవగానే ఒకసారి, ఇల్లు వదిలేముందు ఒకసారి, తిరిగి రాగానే ఒకసారి తప్పక ఇవ్వాలి. ఇంటికి వచ్చిన తల్లిని పొయ్యి దగ్గరకు పంపకండి. ముందు బిడ్డ దగ్గరకు పంపండి. సంగటి అరగంట ఆలస్యమైనా ఎవరికీ నష్టము లేదు.

ఉగ్గుగిన్నెను మరల బయటికి తీయండి

పనికి వెళ్ళేముందు తల్లి తన పాలు చేతితో పిండి ఇంటిలో ఉంచవచ్చు. ఇది పట్నంవారి పద్ధతి అని అనుకోవద్దు. దీనికి యంత్రము అవసరం లేదు. సబ్బుతో చేతులు కడుక్కొని, మరిగే నీళ్ళలో ఉడికించిన మూతగల స్టీలు గిన్నెలోకి పిండుకుంటే చాలు. మొదటి రోజు నాలుగు చెంచాలు కూడా రాకపోవచ్చు. పనిలో చేరడానికి పది, పదిహేను రోజుల ముందునుంచే అలవాటు చేసుకుంటే చేయి తిరుగుతుంది.

ఆ పాలు గది చల్లదనంలో నాలుగు గంటలలోపు పట్టాలి. ఫ్రిజ్ ఉన్నవారు లోపల పెట్టి ఇరవైనాలుగు గంటలలోపు వాడుకోవడం క్షేమం. చలికాలం కదా అని ఆ పాలను పొయ్యిమీద కాచకూడదు. వేడినీళ్ళ గిన్నెలో ఈ గిన్నెను కాసేపు ఉంచితే గోరువెచ్చనవుతాయి. సీసా, రబ్బరు పీక వద్దు. వాటిని శుభ్రంగా ఉంచడం కష్టం. పీకకు అలవాటుపడిన బిడ్డ తల్లి రొమ్మును సరిగా పట్టదు. మన అవ్వలు వాడిన ఉగ్గుగిన్నె ఇంటిలో ఎక్కడో ఉండే ఉంటుంది. తోమి, ఉడికించి దానితో పట్టండి. బిడ్డను కూర్చున్నట్టు నిలుపుగా పట్టుకొని, కొద్దికొద్దిగా తాగించాలి.

ఆరు నెలలు నిండేవరకు తల్లిపాలు తప్ప మరేదీ, చుక్క నీరైనా అవసరం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. ఆ తరువాత మెత్తని అన్నం, పప్పు, రాగి జావ మొదలుపెట్టి, రెండేండ్లవరకు, అంతకు మించి కూడా పాలు ఇవ్వవచ్చు. ఒక ఏడాది నిండేవరకు బిడ్డ నాలుకకు తేనె రాయకూడదు. పాలపొడి డబ్బాల ప్రకటనలతో తల్లులను మభ్యపెట్టకుండా మన దేశం 1992లోనే చట్టం చేసింది. డబ్బా ధర చూసి, నాలుగు రోజులు ఎక్కువ రావాలని పొడి తగ్గించి నీళ్ళు ఎక్కువ కలిపే ఇండ్లు ఎన్నో. ఆ బిడ్డకు కడుపు నిండినట్టు కనిపిస్తుంది గాని బలం రాదు.

చలిని గురించిన మాటలు

చలికాలంలో తల్లి చన్నీళ్ళలో చేయి పెడితే పాలు చల్లబడి బిడ్డకు జలుబు చేస్తుందని పెద్దలు అంటారు. ప్రేమతోనే అంటారు. కాని తల్లి రొమ్ములోని పాలు ఎప్పుడూ ఆమె శరీరమంత వెచ్చగానే ఉంటాయి. పొలంలో ఎండన పడి వచ్చినా పాలు చెడిపోవు, పిండి పారబోయనక్కరలేదు. తల్లికి జలుబు, దగ్గు ఉన్నా పాలు మానకూడదు. ఆమె శరీరం ఆ జబ్బుతో పోరాడే శక్తిని పాల ద్వారా బిడ్డకు కూడా ఇస్తుంది. ముక్కు, నోరు గుడ్డతో కప్పుకొని, చేతులు కడుక్కొని ఇస్తే సరిపోతుంది.

ఒక్క సంగతి మాత్రం మరువవద్దు. పత్తి చేలలోను, చీనీ తోటలలోను మందు కొట్టిన చోట పనిచేసి వచ్చిన తల్లి, చేతులు, ముఖం, రొమ్ము సబ్బుతో కడుక్కొని, చీర మార్చుకొని అప్పుడు బిడ్డను ఎత్తుకోవాలి.

బిడ్డకు వెచ్చదనం ఎలా? పసిబిడ్డ శరీరం చిన్నది. వేడిని త్వరగా కోల్పోతుంది. పెద్దవారికంటే ఒక పొర బట్ట ఎక్కువ వేయడం మంచి లెక్క. తలకు కుళ్ళాయి, కాళ్ళకు మేజోళ్ళు తొడగండి. తడిసిన గుడ్డ వెంటనే మార్చండి. చేతులు చల్లగా ఉన్నాయని భయపడకండి, పొట్టమీద, వీపుమీద చేయి పెట్టి చూడండి. అక్కడ వెచ్చగా ఉంటే చాలు. చెమట పడుతుంటే ఒక పొర తీయండి. నిద్రలో ముఖంమీద బొంత కప్పకండి. పుట్టిన బిడ్డకు మొదటి ఇరవైనాలుగు గంటలు స్నానం వద్దు. తరువాత కూడా చలి రోజులలో ఎండ వచ్చాక, గాలి తగలని చోట త్వరగా ముగించాలి.

తలుపులు మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టడం ప్రాణాపాయం. ఆ విషవాయువుకు రంగు లేదు, వాసన లేదు. సాంబ్రాణి పొగ కూడా పసి ఊపిరితిత్తులకు మంచిది కాదు.

అన్నిటికంటే మంచి కుంపటి తల్లి రొమ్మే. 1978లో కొలంబియా దేశపు బొగొటా నగరంలో, నెలలు నిండని బిడ్డలను వెచ్చగా ఉంచే పెట్టెలు చాలక, అక్కడి వైద్యులు బిడ్డను తల్లి రొమ్ముకు ఆనించి, చర్మానికి చర్మం తగిలేటట్టు కట్టి ఉంచారు. నేడు ప్రపంచమంతా ఆ పద్ధతిని అనుసరిస్తున్నది. బరువు తక్కువ బిడ్డ ఉన్న ఇంటిలో తల్లి పనిలో ఉన్నప్పుడు తండ్రి కూడా తన రొమ్ముకు బిడ్డను అలా ఆనించుకోవచ్చు. పాలు ఇవ్వలేడు గాని వెచ్చదనం ఇవ్వగలడు.

బిడ్డ పాలు తాగడం మానినా, డొక్కలు ఎగరేసినా, ఒళ్ళు చల్లబడి మందకొడిగా ఉన్నా ఆలస్యం చేయకండి. బిడ్డ ప్రశాంతంగా ఉన్నప్పుడు నిండా ఒక నిమిషం ఊపిరి లెక్కపెట్టండి. రెండు నెలలలోపు బిడ్డకు 60, ఆ పైన ఏడాదిలోపు బిడ్డకు 50 లేక అంతకు మించి ఉంటే అది న్యుమోనియా కావచ్చు. పసరు మందులు, వాతలు వద్దు. 108కి ఫోను చేయండి. ప్రొద్దుటూరు జిల్లా ఆసుపత్రికో, దగ్గరలోని వైద్యశాలకో వెంటనే తీసుకువెళ్ళండి. లండన్ మిషన్ డాక్టరు క్యాంప్‌బెల్ పేరిట జమ్మలమడుగులో వైద్యశాల నిలిచింది మన ఊళ్ళ బిడ్డలు బ్రతకాలనే కదా.

తల్లికి ఉన్న హక్కులు

మన దేశంలో 1961లో ప్రసూతి ప్రయోజనాల చట్టం వచ్చింది. 2017లో దానిని సవరించి, మొదటి ఇద్దరు బిడ్డల కాన్పులకు జీతంతో సెలవును 12 వారాలనుంచి 26 వారాలకు పెంచారు. బిడ్డకు 15 నెలలు నిండేవరకు, పనిలో ఉన్న తల్లికి మామూలు విరామం గాక, పాలు ఇచ్చుటకు రోజుకు రెండు విరామాలు ఇవ్వాలి. 50 మంది, అంతకు మించి పనిచేసే చోట బిడ్డల గది ఉండాలి. తల్లి రోజుకు నాలుగుసార్లు అక్కడికి వెళ్ళి రావచ్చు. 2020లో చేసిన సామాజిక భద్రతా కోడ్‌లో కూడా ఈ హక్కులను ఉంచారు.

అయితే చేలో కూలికి వెళ్ళే తల్లికి, నలుగురే పనిచేసే చిన్న అంగడిలోని తల్లికి ఈ చట్టం చేయి అందదు. అందుకే యజమానులైన మన విశ్వాసులతో మేము ఒక మాట చెప్పదలచుకున్నాము. మీ అంగడిలో వెనుక ఒక మూల తెర కట్టి, ఒక కుర్చీ, ఒక బిందె నీళ్ళు పెట్టడానికి చట్టం అడగనక్కరలేదు. మీ చేనిగట్టున చెట్టుకు ఉయ్యాల కట్టి, ఒక ముసలమ్మకు కూలి ఇచ్చి కాపలా ఉంచడం గొప్ప ఖర్చు కాదు.

యోకెబెదుకు ఇచ్చిన జీతం

నిర్గమకాండము రెండవ అధ్యాయములో ఒక విచిత్రమైన సంగతి ఉంది. ఫరో కుమార్తె నీళ్ళలో దొరికిన బిడ్డను పెంచుటకు దాదిని పిలిపించింది. వచ్చినది ఆ బిడ్డ కన్నతల్లే. ఆమె తన బిడ్డకు తానే పాలిచ్చి, అందుకు జీతం కూడా పుచ్చుకున్నది. పాలివ్వడం పని కాదని, ఇంటిలో ఊరకే కూర్చోవడమని అనేవారు ఈ అధ్యాయం మరల చదవాలి. హన్నా సంగతి కూడా అంతే. పాలు విడిచేవరకు తాను పండుగకు షిలోహుకు రాలేనని ఆమె చెప్పగా ఎల్కానా కోపపడలేదు, ఒప్పుకున్నాడు. ఆరాధనకంటె బిడ్డ పాలు ఎక్కువని కాదు. ఆ బిడ్డకు పాలివ్వడం కూడా ఆమె చేసిన సేవే.

భర్తలారా, ఎల్కానావలె మీరు ఒప్పుకొన్నారా? పాలిచ్చే తల్లికి మామూలు కంటె రోజుకు దాదాపు 500 కేలరీల ఆహారం ఎక్కువ కావాలి. అంటే ఒక ముద్ద సంగటి, ఒక గరిటె పప్పు, ఆకుకూర, గుప్పెడు వేయించిన చెనిక్కాయలు అదనం. ఇంటిల్లిపాదీ తిన్నాక అడుగున మిగిలినది ఆమె పాలు కాకూడదు. ఉదయం నీళ్ళు కాచడం, గుడ్డలు ఉతకడం, పెద్దబిడ్డను బడికి సిద్ధం చేయడం మగవారు చేయగల పనులే.

అత్తలారా, జేజమ్మలారా, పగలు బిడ్డ మీ ఒడిలోనే ఉంటుంది. కోడలి పాలు చాలవని నలుగురిలో అనకండి. "నేనున్నాను, నీవు నిశ్చింతగా వెళ్ళి రా" అనండి. నిశ్చింతగా ఉన్న తల్లికే పాలు సులువుగా చేపుకు వస్తాయి.

ఇక సంఘము. క్రిస్మస్ దినాలలో క్యారల్స్ బృందాలు అర్ధరాత్రి దాటినా వీధులు తిరుగుతాయి. చంటిబిడ్డ తల్లి రాలేదని ఎవరూ చిన్నబుచ్చవద్దు. బృందమే ముందుగా సాయంత్రం ఆమె వాకిటికి వెళ్ళి పాడి రావచ్చు. సంవత్సరాంతపు రాత్రి ఆరాధనలో గాలి తగలని మూల ఒక చాప, దుప్పటి, తెర ఏర్పాటు చేయండి. పాలిచ్చే తల్లి బయట చలిలో, గోడ చాటున నిలబడే పరిస్థితి మన మందిరాలలో ఉండకూడదు. స్త్రీల సమాజం వారు ఒక పని చేపట్టవచ్చు. ఈ చలికాలంలో మీ ఊరిలో కూలికి వెళ్ళే తల్లుల పేర్లు రాసుకోండి. ఏ బిడ్డకు కుళ్ళాయి లేదో, ఏ బిడ్డను పగలు చూసేవారు లేరో తెలుసుకోండి. మధ్యాహ్నం ఒక గంట ఆ బిడ్డను ఎత్తుకొని ఆమె పనిచేసే చోటికి తీసుకువెళ్ళి, పాలు తాగించి తీసుకురాగలవారు మీలో ఒక్కరైనా ఉంటారు.

హన్నా ఏటేటా తన బిడ్డకు ఒక చిన్న అంగీ కుట్టి తీసుకువెళ్ళేదని సమూయేలు మొదటి గ్రంథములో చదువుతాము. ఏటేటా బిడ్డ ఎదుగుతాడు, అంగీ పొడవు పెరుగుతుంది. మన ఊళ్ళ తల్లులకు కూడా వచ్చే చలికాలానికి కొలత మార్చి కుట్టే భాగ్యం కలగాలని, అందుకు మన ఇండ్లు, మన మందిరాలు ఈ చలికాలంలోనే తోడుపడాలని మా ప్రార్థన.