విశ్రాంతికి వెల

తిరువళ్లూరు జిల్లా తూర్పుకొసన, ఒక వంక బంగాళాఖాతమును మరియొక వంక కొసస్థలై ఏటి ఉప్పునీటి పాయలును బకింగ్‌హాం కాలువయు ఆవరించియుండగా, ఉత్తరమున పులికాటు సరస్సునకును దక్షిణమున ఎన్నూరునకును నడుమ నిలిచిన కాట్టుపల్లి, 2013వ సంవత్సరమున ఓడరేవు పనిచేయ నారంభించిన నాటినుండి దేశదేశములకు సరకులు పంపు ద్వారమైనది. సరకులు సముద్రముమీదుగా పోవును. మనుష్యులు మాత్రము విమానమునకై మీనంబాక్కమునకు పోవలెను. దూరమునుబట్టి చూచిన అది గొప్ప ప్రయాణము కాదు, వేళనుబట్టి చూచిన కష్టమైనది. మీంజూరులో సబర్బన్ రైలెక్కి చెన్నై సెంట్రలులో దిగి, అచ్చటినుండి మెట్రోలో విమానాశ్రయము చేరుట చౌకయైన మార్గము. అయితే మెట్రో రాత్రి పదకొండు గంటల ప్రాంతమున నిలిచిపోవును, గల్ఫు దేశములకును ఐరోపాకును పోవు విమానములలో పెక్కు అర్ధరాత్రి దాటిన పిమ్మటనే బయలుదేరును. కావున కాట్టుపల్లినుండి గాని, 1960 ఏప్రిల్ 1వ తేదీవరకు చిత్తూరు జిల్లాలో ఉండి నేటికిని తెలుగు వినవచ్చు తిరుత్తణినుండి గాని బిడ్డలను చూచుటకు విదేశమునకు బయలుదేరిన వృద్ధదంపతులు సాయంకాలమే ఇల్లు విడిచి, నాలుగైదు గంటలు విమానాశ్రయమున గడుపక తప్పదు. ఆ నిరీక్షణకాలమున చేతనున్న క్రెడిట్ కార్డు వారిని ఎంతవరకు ఆదుకొనగలదో, ఆ ఆదరణకు వారు చెల్లించు వెల యేమో విచారింపదగియున్నది.

లాంజి యనగా విమానాశ్రయములో తనిఖీలు ముగిసిన పిదప కనబడు ఒక ప్రత్యేకమైన విశ్రాంతిశాల. మెత్తని కుర్చీలు, వేడి భోజనము, కాఫీ, పత్రికలు, ఫోను చార్జింగు, శుభ్రమైన మరుగుదొడ్లు, కొన్నిచోట్ల స్నానపు గదులును ఉండును. ఇది మొదట ధనికులకొరకు కూడ ఏర్పడినది కాదు. విమానసంస్థ అధిపతులు తమకు నచ్చిన ప్రముఖులకు చేసిన మర్యాదగా పుట్టినది. అమెరికన్ ఎయిర్‌లైన్స్ వారు 1939లో న్యూయార్కు లాగార్డియా విమానాశ్రయమున తెరచిన అడ్మిరల్స్ క్లబ్బు ఇట్టివాటిలో మొదటిదని చెప్పుదురు. అందు ప్రవేశము ఆహ్వానితులకే. తరువాత మొదటి తరగతి టికెట్టు కొన్నవారికిని, తరచు ప్రయాణించువారికిని ఆ తలుపులు తెరచుకొనినవి. ఏ విమానసంస్థకును చెందని లాంజి, ఏ టికెట్టువారినైనను సొమ్ము తీసికొని కూర్చుండబెట్టు లాంజి అను ఆలోచన మిక్కిలి క్రొత్తది. 1992లో లండనులో ప్రారంభమైన ప్రయారిటీ పాస్, 1998లో హాంకాంగున మొదలైన ప్లాజా ప్రీమియం అను సంస్థలు ఆ దారి వేసినవి. ఆ పిమ్మట బ్యాంకులు వచ్చి, సామాన్యుని కార్డునకును ఈ తలుపునకును సంబంధము కలిపినవి.

కార్డుల చరిత్రలో తెలుగువారికి ఒక గౌరవస్థానము కలదు. 1950లో న్యూయార్కులో డైనర్స్ క్లబ్బు కార్డు పుట్టగా, మన దేశమున బ్యాంకులు క్రెడిట్ కార్డును చేపట్టిన తొలినాళ్లలోనే, 1981లో, భోగరాజు పట్టాభిసీతారామయ్యగారు మచిలీపట్టణమున 1923లో స్థాపించిన ఆంధ్రాబ్యాంకు ఆ పనికి పూనుకొన్నది. ఆ బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో లీనమైనది. నేడు స్వదేశీయమైన రూపే కార్డులలో కూడ పై శ్రేణివానికి లాంజి ప్రవేశము కలదు.

ఈ ప్రవేశమును అందరును ‘ఉచితము’ అందురు. ఆ మాట ఎంతవరకు నిజమో తెలియవలెనన్న లాంజి గుమ్మమున జరుగు వ్యవహారమును కొంచెము నిదానించి చూడవలెను. ప్రయాణికుడు బోర్డింగ్ పాసును, కార్డును చూపును. అచ్చటి ఉద్యోగి కార్డును యంత్రమున గీచును. తరచు 2 రూపాయలు మాత్రమే ఖాతాలో పడును. ఆ రెండు రూపాయలు భోజనపు వెల కాదు. కార్డు సజీవముగా ఉన్నదో లేదో, దానికి ఈ త్రైమాసికమున ఇంకను ప్రవేశములు మిగిలియున్నవో లేవో పరీక్షించుటకు పంపిన దూత. అసలు వెల వెనుకనుండి పోవును. లాంజి నిర్వాహకునకు ఒక్కొక్క మనిషికి ఇంతయని ఒప్పందము ప్రకారము సొమ్ము ముట్టవలెను. ఆ సొమ్మును బ్యాంకు గాని, వీసా, మాస్టర్‌కార్డు, రూపే వంటి వ్యవస్థ గాని భరించును. నడుమ లెక్కలు కట్టి పంచుటకు మధ్యవర్తి సంస్థలు ఉండును. బ్యాంకునకు ఆ సొమ్ము ఎక్కడిది? మనము కట్టు వార్షిక రుసుము ఒకటి. మనము కార్డుతో కొన్నప్పుడెల్ల దుకాణదారునినుండి వసూలగు శాతము మరియొకటి. బాకీని గడువులోపల పూర్తిగా తీర్చలేక వడ్డీ కట్టువారినుండి వచ్చునది మూడవది. నా దృష్టిలో విచారింపదగినది ఈ మూడవదియే. నెలకు మూడున్నర శాతము వడ్డీ గల కార్డుమీద 50,000 రూపాయలు ఒక నెల నిలిచిపోయినచో వడ్డీ 1,750, దానిపై 18 శాతము జి.ఎస్.టి. 315, వెరసి 2,065 రూపాయలు. అంతేకాదు, బాకీ నిలిచినన్నాళ్లు క్రొత్త కొనుగోళ్లకు సహితము వడ్డీలేని గడువు పోవును. లాంజిలో తినిన ఇడ్లీలును పెరుగన్నమును ఎంత రుచిగా ఉన్నను ఆ సొమ్ముకు తూగవు. ఏ రేవులోనో క్రొత్తగా ఉద్యోగమున చేరిన యువకుడు బాకీతో మోయుచున్న కార్డు, వ్యాపారరీత్యా నెలకు నాలుగు మారులు ఎగురు అధికారికి లాంజిలో విందు పెట్టుచున్నదనుట అతిశయోక్తి కాదు.

కొన్నేండ్ల క్రిందట మన బ్యాంకులు సామాన్యమైన కార్డులకు సహితము ఈ సౌకర్యమును ధారాళముగా ఇచ్చినవి. ఫలితముగా లాంజుల ముందు వరుసలు ఏర్పడినవి. విశ్రాంతికై పోయినవారు నిలుచుండి వేచియుండవలసి వచ్చినది. అప్పుడు బ్యాంకులు చేయి బిగించినవి. హెచ్.డి.ఎఫ్.సి. బ్యాంకు 2023 డిసెంబరు 1నుండి రెగాలియా కార్డునకు మూడు నెలలలో లక్ష రూపాయల ఖర్చును నియమముగా పెట్టినది. ఐ.సి.ఐ.సి.ఐ. బ్యాంకు పెక్కు కార్డులకు 2024 ఏప్రిలులో 35,000 అని, అదే సంవత్సరము నవంబరులో 75,000 అని పెంచినది. యాక్సిస్ బ్యాంకు 2024 మేనెలనుండి కొన్ని కార్డులకు మూడు నెలలలో 50,000 అన్నది. 2025 సెప్టెంబరులో డ్రీమ్‌ఫోక్స్ అను మధ్యవర్తి సంస్థ దేశీయ లాంజి సేవలను నిలిపివేసినట్లు ప్రకటించెను. అనగా మన చేతిలోని కార్డు మారకున్నను, దాని వెనుకనున్న ఒప్పందము మారిపోవచ్చును. రెండేండ్ల క్రిందట బంధువు చెప్పిన మాటను నమ్మి బయలుదేరుట మంచిది కాదు; ప్రయాణమునకు వారము ముందుగా బ్యాంకు యాప్‌లో నేటి నియమమును చదువుకొనవలెను.

ఖర్చు నియమము వచ్చిన తరువాత ఒక విపరీతము కనబడుచున్నది. త్రైమాసికము ముగియవచ్చుచుండగా, ఇంకను పదివేలు తక్కువైనవని లెక్కవేసి, అక్కరలేని వస్తువులు కొనువారు కలరు. దీనిని నేను గట్టిగా ఖండింతును. లాంజిలో రెండు గంటలు కూర్చుండుటకు నేరుగా సొమ్ము కట్టినను అంత కాదు. పెక్కు లాంజులు రుసుము తీసికొని ఎవరినైనను అనుమతించును. ఏడాదికి ఒకటి రెండు మారులు మాత్రమే విమానమెక్కు కుటుంబమునకు 10,000 రూపాయల వార్షిక రుసుము గల కార్డు, పన్నుతో 11,800 అగునది, ఎన్నడును గిట్టుబాటు కాదు. నెలనెలా పూర్తిగా బాకీ తీర్చు అలవాటు గలవారికి, పిల్లల చదువురుసుములు మొదలగు తప్పనిసరి ఖర్చులు ఎట్లును కార్డుమీదనే పోవువారికి, ప్రయాణములు తరచుగా ఉన్నవారికి మాత్రము ఇది నిజమైన ఉపకారము. అడుగకుండ కార్డు అంటగట్టరాదని రిజర్వు బ్యాంకు 2022 ఆదేశములు చెప్పినవి. బాకీ లేని కార్డును మూసివేయుమని కోరిన 7 పనిదినములలో మూయవలెనని, ఆలస్యమైనచో రోజునకు 500 రూపాయలు ఖాతాదారునకు ఇయ్యవలెనని కూడ అందే ఉన్నది. అక్కరతీరిన కార్డును వదలించుకొనుటకు సంకోచింపనక్కరలేదు.

ఇప్పుడు మరల ఆ వృద్ధదంపతుల యొద్దకు వత్తము. కుమారుడు కార్డు గలవాడై, తాను ప్రయాణింపనిచో, అతని కార్డు వారికి పనికిరాదు. కార్డుమీది పేరును బోర్డింగ్ పాసుమీది పేరును ఒకటిగా ఉండవలెను. తల్లి పేరనో తండ్రి పేరనో యాడాన్ (అనుబంధ) కార్డు తీసియుంచిన, ఆ కార్డునకు లాంజి ప్రవేశము ఉన్నదో లేదో బ్యాంకును అడిగి తెలిసికొనవలెను. కొన్నింటికి కలదు, కొన్నింటికి లేదు. ఒకరికి ప్రవేశముండి రెండవవారు అతిథిగా వచ్చినచో అతిథికి రుసుము పడును. విదేశములలో ప్రయారిటీ పాసుమీద అది మనిషికి ముప్పది డాలర్లకు పైబడవచ్చును. అంతర్జాతీయ ప్రవేశములకై ఇచ్చిన ప్రయారిటీ పాసును భారతదేశములోని లాంజిలో వాడినచో కొన్ని కార్డులకు సొమ్ము వసూలగునని పెద్దలకు విప్పి చెప్పవలెను.

అన్నిటికంటె ముఖ్యమైనది, లాంజి తనిఖీకిని ఇమిగ్రేషనుకును ఆవల ఉండును. విమానసంస్థ కౌంటరు సాధారణముగా మూడు గంటల ముందు గాని తెరువదు. పెక్కు లాంజులును విమానమునకు రెండు మూడు గంటల ముందు గాని లోనికి రానీయవు. సాయంకాలమే వచ్చిన మీంజూరు ప్రయాణికులు ఆ తొలి రెండు గంటలు బయటి హాలులో గడుపవలసినదే. ఏ ఖరీదైన కార్డును ఆ రెండు గంటలను తగ్గింపజాలదు. లోనికి పోయిన పిదప నిద్ర ఒక ప్రమాదము. చెన్నై విమానాశ్రయము 2022నుండి నిశ్శబ్ద విమానాశ్రయము. మైకులలో పిలుపులుండవు, తెరలు చూచుకొనవలెను. అలారము పెట్టుకొనుట, వీల్‌చైరు సహాయకునకు లాంజి పేరు చెప్పియుంచుట ఎంతయో అవసరము.

ఇంత చెప్పిన పిమ్మటను, మధుమేహమున్న ముదుసలికి వేళకు వేడి ఆహారము దొరకుట, చంటిపిల్లతో వచ్చిన తల్లికి కాస్త ఏకాంతము దొరకుట చిన్న విషయములని నేననను. దోహాలోనో దుబాయిలోనో ఎనిమిది గంటలు విమానము మారుటకై వేచియుండి, స్నానము చేసి, కాళ్లు చాపుకొని కూర్చుండగలుగుట శరీరమునకు చేసిన నిజమైన ఉపకారము. అది ధనముగలవారి విలాసముగా మాత్రమే మిగిలిపోవుటయే నాకు బాధ. పూర్వము ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18న చెన్నపట్టణమునుండి కాశీకి బయలుదేరి, మాధవరము మీదుగా తిరుపతి వైపు పోవుచు, ఎచ్చట సత్రమున్నదో, ఎచ్చట నీళ్లు మంచివో, ఎచ్చట అంగళ్లున్నవో తరువాతివారికి ఉపకరించునట్లు వ్రాసికొనిరి. లాంజి మన కాలపు సత్రమే. అయితే సత్రమున దాత ఒకడు, బాటసారి ఎవడైనను సరే. ఇచట కార్డు గలవాడే బాటసారి.

ఆ లోటును కొంత తీర్చు ప్రయత్నమొకటి జరిగినది. 2024 డిసెంబరులో కలకత్తాలో మొదలైన ఉడాన్ యాత్రీ కఫేను 2025 ఫిబ్రవరి 27న చెన్నైలో శ్రీకాకుళము పార్లమెంటు సభ్యులును పౌరవిమానయాన మంత్రియునగు కింజరాపు రామ్మోహన్ నాయుడుగారు ప్రారంభించిరి. ప్రారంభమున టీ 10 రూపాయలు, నీటిసీసా 10, కాఫీ 20, సమోసా 20. అక్కడ గీచు యంత్రమునకు ఏ త్రైమాసికపు లెక్కయు అక్కరలేదు. ఆ ధరలకే రెండు ఇడ్లీలును, వాలుటకు వీలైన నాలుగు వరుసల కుర్చీలును చేర్చి, అంతర్జాతీయ ప్రయాణికులు కౌంటరు తెరచువరకు వేచియుండు ఆ బయటి హాలులోనే, మెట్రో నిలిచిన రాత్రి పదకొండు మొదలు తెల్లవారువరకు తెరచియుంచవలెనని విమానాశ్రయాధికారులను మనఃపూర్వకముగా కోరుచున్నాను.