బరువు లాగే డీజిల్ ట్రక్కుకు ప్రత్యామ్నాయ ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఎంపిక: డాడ్జ్ రామ్ - కమిన్స్ ట్రక్కు ఆధారంగా ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

ట్రైలర్లను లాగే డీజిల్ పికప్ ట్రక్కులలో ఇంజన్ కంటే ముందుగా ఆటోమేటిక్ గేర్‌బాక్స్ అరిగిపోవడం తరచుగా కనిపిస్తుంది. అప్పుడు దాని స్థానంలో ఏ గేర్‌బాక్స్‌ను అమర్చుకోవాలన్నది యజమాని ముందు నిలిచే ప్రశ్న. 1998 నడుమ నుండి 2002 వరకు అమెరికాలో తయారైన డాడ్జ్ రామ్ ట్రక్కును ఉదాహరణగా తీసుకొని, ఈ ఎంపికలో టార్క్ సామర్థ్యం, ఉష్ణం, గేరు నిష్పత్తులు, నియంత్రణ వ్యవస్థ, భద్రత అనే అంశాల పాత్రను వివరించడం ఈ వ్యాసం ముఖ్యోద్దేశం. వివరణాత్మక, తులనాత్మక పద్ధతులను అనుసరించి, సరళమైన లెక్కల ద్వారా నిర్ధారణలకు రావడం జరిగింది.

కీలకపదాలు: డీజిల్ ట్రక్కు, ఆటోమేటిక్ గేర్‌బాక్స్, టార్క్ కన్వర్టర్, లాకప్ క్లచ్, గేరు నిష్పత్తి, కమిన్స్, ఆలిసన్.

1. ఉపోద్ఘాతం:

తెలుగునాట లారీ అనగానే క్లచ్ పెడలు, చేతితో మార్చే గేర్లు గుర్తుకు వస్తాయి. అమెరికాలో పరిస్థితి వేరు. అక్కడి రైతులు, గుర్రాల పెంపకందారులు, చిన్న కాంట్రాక్టర్లు భారీ పికప్ ట్రక్కుల వెనుక ట్రైలర్లు తగిలించి బరువులు లాగుతారు. ఆ ట్రక్కులలో ఆటోమేటిక్ గేర్‌బాక్స్ వాడుక ఎక్కువ. ఇరవై, ఇరవై అయిదేళ్లు నిండిన ట్రక్కులోనూ డీజిల్ ఇంజన్ గట్టిగానే ఉండవచ్చు. గేర్‌బాక్స్ మాత్రం జారడం మొదలుపెడుతుంది. కొత్త ట్రక్కు కొనే స్తోమత లేనివారికి ఆ ట్రక్కే జీవనాధారం. అందువల్ల గేర్‌బాక్స్ ఎంపికలో జరిగే పొరపాటు డబ్బు నష్టంతో ఆగదు. కొండదారిలో అది ప్రాణాపాయానికి కూడా దారి తీయవచ్చు.

2. చారిత్రక నేపథ్యం:

5.9 లీటర్ల ఆరు సిలిండర్ల కమిన్స్ డీజిల్ ఇంజన్ 1989 మోడల్ సంవత్సరంలో డాడ్జ్ పికప్‌లలోకి వచ్చింది. అప్పటి దాని శక్తి 160 అశ్వశక్తి, టార్క్ సుమారు 542 న్యూటన్-మీటర్లు. దానికి జతపరచిన ఆటోమేటిక్ గేర్‌బాక్స్ క్రైస్లర్ సంస్థవారి టార్క్‌ఫ్లైట్ 727. ఇది 1962 నాటి మూడు గేర్ల నిర్మాణం. తరువాత దీనికి వెనుకవైపు ఓవర్‌డ్రైవ్ భాగాన్ని చేర్చి నాలుగు గేర్లుగా విస్తరించారు. ఆ క్రమంలో డీజిల్ ట్రక్కులకు 1994లో 47ఆర్‌హెచ్, 1996లో 47ఆర్‌ఈ, 2003లో 48ఆర్‌ఈ వచ్చాయి. ఈ పేర్లలో మొదటి అంకె గేర్ల సంఖ్యను, రెండవది సాపేక్ష టార్క్ సామర్థ్యాన్ని తెలుపుతాయి. ‘ఆర్’ వెనుక చక్రాల చోదనకు, ‘హెచ్’ ద్రవచాలిత నియంత్రణకు, ‘ఈ’ ఎలక్ట్రానిక్ నియంత్రణకు సంకేతాలు.

1998 నడుమ 24 వాల్వుల ఇంజన్ ప్రవేశపెట్టినప్పుడు చేతి గేర్ల ట్రక్కుకు 235 అశ్వశక్తి ఇచ్చి, ఆటోమేటిక్ ట్రక్కుకు 215తో సరిపెట్టారు. టార్క్ విషయంలోనూ మొదటిదానికి సుమారు 624, రెండవదానికి సుమారు 569 న్యూటన్-మీటర్లు మాత్రమే. ఒకే ఇంజన్‌కు రెండు స్థాయిలు నిర్ణయించడాన్ని బట్టి, ఆటోమేటిక్ గేర్‌బాక్స్ భరించగల హద్దును తయారీదారు దృష్టిలో ఉంచుకొన్నట్లు భావించవచ్చు. ఇంధనం పెంచే పరికరం తగిలించి యజమాని ఈ హద్దును దాటించినప్పుడు, ఆ అదనపు భారం ముందుగా పడేది క్లచ్ పళ్లేల మీదనే.

3. దోషనిర్ధారణ:

ప్రత్యామ్నాయం వెదికే ముందు అసలు చెడిపోయింది గేర్‌బాక్సేనా అన్నది తేల్చుకోవాలి. ఈ తరం ట్రక్కులలో గంటకు 70 కిలోమీటర్ల ప్రాంతంలో లాకప్ క్లచ్ పట్టి వదులుతూ బండి ఊగిసలాడే లక్షణం ప్రసిద్ధం. చూడటానికి ఇది గేర్‌బాక్స్ రోగంలాగే ఉంటుంది. కాని దీనికి కారణం ఆల్టర్నేటర్‌లోని చెడిన డయోడ్లు కావచ్చు, సరిగా లేని ఎర్త్ కనెక్షన్ కావచ్చు, యాక్సిలరేటర్ స్థానాన్ని తెలిపే సెన్సర్ కావచ్చు. విద్యుత్ సంకేతంలో అలజడి ఉంటే కంప్యూటర్ లాకప్‌ను మాటిమాటికీ విడిపిస్తుంది. అటువంటప్పుడు కొత్త గేర్‌బాక్స్ అమర్చినా అదే ఊగిసలాట కొనసాగుతుంది.

కాబట్టి తొలుత ఆల్టర్నేటర్ వెలువరించే విద్యుత్తులో ఏసీ అంశాన్ని మీటరుతో కొలవాలి. తరువాత గేర్‌బాక్స్ ఆయిల్ పీడనాన్ని పరీక్షా రంధ్రాల వద్ద కొలవాలి. చివరగా అడుగు పళ్లెం విప్పి చూడాలి. సన్నని బూడిదరంగు పొడి కొద్దిగా కనిపించడం సహజమైన అరుగుదల. మాడిన వాసన, నల్లబడిన ఆయిల్, లోహపు తునకలు కనిపిస్తే లోపలి భాగాలు దెబ్బతిన్నట్లే. ఈ కుటుంబానికి చెందిన గేర్‌బాక్స్‌లలో ఆయిల్ మట్టాన్ని న్యూట్రల్‌లో చూడాలి. పార్క్‌లో చూస్తే కొలత తప్పుతుంది.

4. ఉష్ణం - లాకప్ క్లచ్ ప్రాధాన్యం:

ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌కు ప్రధాన శత్రువు వేడి. ఈ వేడి ఎక్కడి నుండి వస్తుందో ఒక లెక్క ద్వారా గ్రహించవచ్చు. ట్రక్కు, ట్రైలరు కలిసి 8,000 కిలోల బరువు ఉన్నాయనుకొందాం. నూటికి ఆరు వంతుల ఎత్తుపల్లం గల దారిని గంటకు 72 కిలోమీటర్ల వేగంతో, అంటే సెకనుకు 20 మీటర్ల చొప్పున ఎక్కుతున్నాయి. బరువును పైకి మోయడానికి సుమారు 94 కిలోవాట్లు కావాలి. టైర్ల దొర్లుడు నిరోధాన్ని నూటికి ఒక వంతుగా తీసుకొంటే మరో 16 కిలోవాట్లు చేరతాయి. గాలి నిరోధాన్ని పక్కన పెట్టినా మొత్తం 110 కిలోవాట్లు.

టార్క్ కన్వర్టర్ ద్రవం ద్వారా శక్తిని అందిస్తుంది. ద్రవంలో కొంత జారుడు తప్పదు. లాకప్ పట్టని స్థితిలో దాని దక్షత 88 శాతం అనుకొంటే, 110 కిలోవాట్లు బయటకు రావడానికి 125 కిలోవాట్లు లోపలికి వెళ్లాలి. తేడా అయిన 15 కిలోవాట్లూ ఆయిల్‌లో వేడిగా మారతాయి. ఒక కిలోవాట్ హీటర్లు పదిహేను ఒకేసారి ఆయిల్‌లో ముంచినట్లన్నమాట. లాకప్ క్లచ్ గట్టిగా పట్టుకొంటే ఈ నష్టం దాదాపు పూర్తిగా తొలగిపోతుంది.

ఇందువల్ల బరువు లాగే ట్రక్కుకు గేర్‌బాక్స్ ఎంత ముఖ్యమో దాని ముందుండే కన్వర్టర్ కూడా అంతే ముఖ్యమని తేలుతోంది. ఇంజన్ టార్క్ పెంచిన ట్రక్కులో ఒకే పళ్లెం గల లాకప్ క్లచ్ జారే ప్రమాదం ఉంటుంది. అక్కడ బహుళ పళ్లేల లాకప్ క్లచ్ ఉపకరిస్తుంది. ఇంజన్ మార్పులు లేని ట్రక్కుకు నాణ్యమైన ఒకే పళ్లెం గలది సరిపోవచ్చు. అలాగే కన్వర్టర్ ‘స్టాల్’ వేగాన్ని కూడా గమనించాలి. ఈ ఇంజన్‌లో గరిష్ఠ టార్క్ నిమిషానికి 1600 చుట్ల వద్దనే లభిస్తుంది. స్టాల్ వేగం మరీ ఎక్కువైతే ఇంజన్ ఊరికే తిరిగి ఆయిల్ వేడెక్కుతుంది. మరీ తక్కువైతే టర్బో అందుకోక బండి బద్ధకంగా కదులుతుంది, పొగ పెరుగుతుంది.

5. గేరు నిష్పత్తుల తులన:

47ఆర్‌ఈ, 48ఆర్‌ఈ రెండింటి నిష్పత్తులూ ఒకటే: 2.45, 1.45, 1.00, 0.69. జనరల్ మోటార్స్ ట్రక్కులలో 2001 మోడల్ సంవత్సరంలో ప్రవేశించిన అయిదు గేర్ల ఆలిసన్ 1000 నిష్పత్తులు 3.10, 1.81, 1.41, 1.00, 0.71. 2006లో దీనికి 0.61 నిష్పత్తితో ఆరవ గేరు చేరింది.

వెనుక ఇరుసు నిష్పత్తి 3.54 అయితే, 47ఆర్‌ఈ మొదటి గేరులో మొత్తం నిష్పత్తి 8.67. ఆలిసన్‌తో అది 10.97. అంటే బరువుతో కదిలేటప్పుడు ఆలిసన్ నాలుగో వంతుకు పైగా ఎక్కువ బలాన్ని ఇస్తుంది. అయితే అదే 47ఆర్‌ఈకి 4.10 ఇరుసును జతపరిస్తే మొత్తం నిష్పత్తి 10.05 అవుతుంది. దీనిని బట్టి కదిలే బలం ఒక్కటే కొరత అయితే గేర్‌బాక్స్ జాతిని మార్చకుండా ఇరుసును మార్చినా చాలావరకు ప్రయోజనం నెరవేరుతుందని స్పష్టమవుతోంది.

దీనికి చెల్లించవలసిన మూల్యం హైవే మీద తెలుస్తుంది. 245/75ఆర్16 టైరుతో గంటకు 105 కిలోమీటర్ల వేగంలో, 3.54 ఇరుసు, 0.69 ఓవర్‌డ్రైవ్ ఉంటే ఇంజన్ నిమిషానికి సుమారు 1750 చుట్లు తిరుగుతుంది. 4.10 ఇరుసుతో సుమారు 2030 చుట్లు. ఆలిసన్ ఆరవ గేరులో, 3.54 ఇరుసుతో సుమారు 1550 చుట్లు మాత్రమే. ఖాళీగా వెళ్లేటప్పుడు ఇది ఇంధనాన్ని ఆదా చేస్తుంది. బరువుతో ఉన్నప్పుడు మాత్రం గరిష్ఠ టార్క్ వేగం కంటే దిగువన ఇంజన్ మూలుగుతుంది. కనుక ఆరవ గేరు ఉన్నంత మాత్రాన బరువు లాగడానికి మేలు జరుగుతుందని చెప్పలేము.

గేర్ల నడుమ అంతరం మరో ముఖ్యాంశం. 47ఆర్‌ఈ మొదటి గేరు నుండి రెండవ గేరుకు మారినప్పుడు ఇంజన్ వేగం 41 శాతం పడిపోతుంది. ఆలిసన్ రెండవ గేరు నుండి మూడవదానికి మారినప్పుడు తగ్గేది 22 శాతమే. పొడవైన ఎక్కుడు దారిలో ఇంజన్‌కు అనుకూలమైన గేరు దొరకాలంటే మెట్లు దగ్గరదగ్గరగా ఉండాలి. ఆలిసన్‌కున్న నిజమైన ఆధిక్యం ఇదే.

6. ప్రత్యామ్నాయాల వివేచన:

6.1 పాత సామాన్ల యార్డు నుండి తెచ్చినది: ధర తక్కువ. దాని గతం తెలియదు. అదే వయస్సు గల మరో అరిగిన గేర్‌బాక్స్‌ను తెచ్చుకొనే అవకాశమే ఎక్కువ. బరువు లాగే బండికి ఇది చివరి మార్గం.

6.2 అసలు స్థాయికి పునర్నిర్మించిన 47ఆర్‌ఈ: ఇంజన్‌ను మార్చకుండా, మితమైన బరువులు లాగేవారికి తగినది. సీళ్లు, క్లచ్ పళ్లేలు, బ్యాండ్లతో పాటు పీడన నియంత్రణ సోలనాయిడ్, పీడన సెన్సర్ కూడా కొత్తవి వేశారా అన్నది అడిగి తెలుసుకోవాలి.

6.3 బలపరచిన 47ఆర్‌ఈ: మెరుగైన కన్వర్టర్, ఆయిల్ పీడనం పెంచిన వాల్వ్ బాడీ, దృఢమైన ఇన్‌పుట్ షాఫ్ట్ ఇందులో ఉంటాయి. కదిలే క్షణంలో కన్వర్టర్ టార్క్‌ను రెట్టింపు చేస్తుందనుకొంటే 569 న్యూటన్-మీటర్లు కాస్తా 1138 అవుతాయి. ఇన్‌పుట్ షాఫ్ట్ దృఢత్వానికి ప్రాధాన్యం ఎందుకో దీనిని బట్టి తెలుస్తుంది. పాత కంప్యూటర్, పాత డ్రైవ్ షాఫ్ట్ యథాతథంగా పనిచేయడం దీని గొప్ప సౌలభ్యం.

6.4 48ఆర్‌ఈ: సుమారు 827 న్యూటన్-మీటర్ల టార్క్ గల 2005-07 నాటి ఇంజన్‌ల వెనుక పనిచేసినది. అదే కుటుంబానికి చెందినది కావడం చేత అమరిక సాపేక్షంగా సులభం. థ్రాటిల్ వాల్వ్ అనుసంధానం, సెన్సర్లు పాత ట్రక్కుకు సరిపడేలా చూసుకోవాలి.

6.5 ఆలిసన్ 1000: నిష్పత్తులలో, మన్నికలో పేరు పొందినది. కాని మరో సంస్థ ఇంజన్‌కు దీనిని జతపరచడానికి అనుసంధాన పళ్లెం, ప్రత్యేక నియంత్రణ కంప్యూటర్, వైరింగ్, మార్చిన క్రాస్ మెంబర్, పొడవు సవరించిన డ్రైవ్ షాఫ్ట్ అవసరం. నాలుగు చక్రాల చోదన ఉంటే ట్రాన్స్‌ఫర్ కేసు అమరిక మరో చిక్కు. గేర్‌బాక్స్ ధరకు ఈ ఖర్చులన్నీ కలిపి లెక్క వేయాలి. దూరప్రయాణంలో బండి ఆగిపోతే అటువంటి మిశ్రమ వ్యవస్థను బాగుచేయగల మెకానిక్ దొరుకుతాడా అన్నది కూడా ఆలోచించాలి.

7. తోడుగా మార్చవలసిన భాగాలు:

చెడిన గేర్‌బాక్స్ నుండి వెలువడిన లోహపు రజను, క్లచ్ పొడి కూలర్‌లోనూ పైపులలోనూ చేరి ఉంటాయి. పాత కూలర్‌ను అలాగే వదిలేస్తే ఆ మలినం తిరిగి కొత్త గేర్‌బాక్స్‌లోకే ప్రవేశిస్తుంది. కనుక కూలర్‌ను మార్చడం ఉత్తమం. కనీసం పూర్తిగా కడిగి, ఆయిల్ ప్రవాహాన్ని కొలిచి చూడాలి. ఇంజన్ వైపున్న నీటి ఉష్ణవినిమయ భాగాన్ని కూడా మరువరాదు. తయారీదారు నిర్దేశించిన ఏటీఎఫ్ ప్లస్ 4 ఆయిల్‌నే వాడాలి. డ్రైవరు కంటికి ఎదురుగా ఆయిల్ ఉష్ణోగ్రత మీటరు అమర్చుకోవడం అల్పవ్యయంతో అధికఫలం ఇచ్చే పని. వారంటీ పత్రంలో ట్రైలర్ లాగడం అనుమతించారా, కూలర్ మార్చినట్లు రుజువు కోరతారా అన్నవి ముందే చదివి తెలుసుకోవాలి.

8. దిగుడు దారి - భద్రత:

ఎక్కలేని బండి ఆగిపోతుంది. దిగేటప్పుడు అదుపు తప్పిన బండి ఆగదు. ఘాట్ రోడ్డును ఏ గేరులో ఎక్కుతామో ఆ గేరులోనే దిగాలని మన లారీ డ్రైవర్లు పాటించే నియమం ఇక్కడా వర్తిస్తుంది. కొలరాడోలోని ఐసెన్‌హోవర్ సొరంగానికి ఇరువైపులా ఉన్న దారి వంటి చోట్ల వాలు నూటికి ఏడు వంతుల వరకు ఉంటుంది. అక్కడ బ్రేకుల మీదనే ఆధారపడితే అవి వేడెక్కి పట్టు కోల్పోతాయి.

డీజిల్ ఇంజన్‌కు ఎగ్జాస్ట్ బ్రేక్ అమర్చినప్పుడు ఆ నిరోధం చక్రాలకు చేరాలంటే లాకప్ పట్టి ఉండాలి. యాక్సిలరేటర్ మీద నుండి కాలు తీయగానే లాకప్ విడిపోతే ప్రయోజనం చాలావరకు పోతుంది. పైగా 47ఆర్‌ఈలో థ్రాటిల్ కేబుల్‌ను అనుసరించి ఆయిల్ పీడనం మారుతుంది. కాలు తీసినప్పుడు పీడనం తక్కువ. ఆ స్థితిలో ఎగ్జాస్ట్ బ్రేక్ భారం పడితే క్లచ్‌లు జారవచ్చు. కాబట్టి ఎగ్జాస్ట్ బ్రేక్ వాడదలచినవారు ఆ విషయాన్ని గేర్‌బాక్స్ నిర్మించేవారికి ముందుగానే తెలిపి, తదనుగుణమైన వాల్వ్ బాడీని, లాకప్ నియంత్రణను కోరాలి. బేరమాడేటప్పుడు గుర్రపుశక్తి గురించి అడిగినంతగా దీని గురించి అడగకపోవడం ప్రమాదకరమైన ఉపేక్ష.

9. ముగింపు:

1. గేర్‌బాక్స్ మార్చే ముందు విద్యుత్ దోషాలను, ఆయిల్ పీడనాన్ని పరీక్షించి అసలు కారణాన్ని నిర్ధారించుకోవాలి.

2. లాకప్ పట్టని కన్వర్టర్ కొండ ఎక్కేటప్పుడు పెద్దమొత్తంలో వేడిని పుట్టిస్తుంది. అందువల్ల కన్వర్టర్, కూలర్, గేర్‌బాక్స్ మూడింటినీ ఒకే వ్యవస్థగా ఎంపిక చేయాలి.

3. కదిలే బలం మాత్రమే చాలనప్పుడు ఇరుసు నిష్పత్తిని మార్చడం కూడా పరిశీలించదగిన మార్గం. పొడవైన ఎక్కుడు దారులలో నిరంతరం బరువు లాగేవారికి దగ్గరి మెట్లు గల ఆలిసన్ వంటిది ఉపయుక్తం.

4. ఇంజన్ శక్తి పెంచని యజమానికి శ్రద్ధగా పునర్నిర్మించిన 47ఆర్‌ఈ చాలు. మితంగా పెంచినవారికి బలపరచిన 47ఆర్‌ఈ గాని 48ఆర్‌ఈ గాని, అన్నిటినీ కలిపి లెక్క వేస్తే, తక్కువ చిక్కులతో ఎక్కువ ప్రయోజనం ఇస్తుంది.

5. ఎంపికకు తుది గీటురాయి బండి ఎంత వేగంగా ఎక్కుతుందన్నది కాదు, పూర్తి బరువుతో ఎంత క్షేమంగా దిగుతుందన్నదే.